ఒంగోలు గిత్త ఎక్కిన లారీ

2025 ఫిబ్రవరిలో బ్రెజిల్ ఆవు ఒకటి తెలుగు పత్రికలకెక్కింది. పేరు వయాటినా-19. బరువు 1,101 కిలోలు. వేలంలో పలికిన ధరను బట్టి కట్టిన విలువ మన డబ్బులో సుమారు 40 కోట్ల రూపాయలు. దాని జాతి పేరు దగ్గరే వచ్చింది పేచీ. ఆ జాతిని బ్రెజిల్‌లో ‘నెలోర్’ అంటారు. ఇంకేముంది, ‘నెల్లూరు ఆవుకు నలభై కోట్లు’ అని నెల్లూరువాళ్లు జబ్బలు చరుచుకున్నారు. ఒంగోలు అద్దంకి బస్టాండు సెంటర్లో టీ గ్లాసు పట్టుకున్నవాళ్లకు ఆ మాట వింటే ఒళ్లు మండదా? గిత్త ఒంగోలుది, తిన్న జొన్నచొప్ప ఒంగోలుది, పేరు మాత్రం పెన్నా ఒడ్డుకు పోయింది.

ఈ తగాదా ఊళ్లో కొత్తదేమీ కాదు. ఒంగోలు పశువుల గురించి ఎవరు రాసినా, ఆదివారం అనుబంధాల్లో వచ్చినా, సభల్లో మాట్లాడినా రెండే ఫిర్యాదులు వినిపిస్తాయి. పేరు నెల్లూరు పట్టుకుపోయింది. జాతి బ్రెజిల్ పట్టుకుపోయింది. మొదటి ఫిర్యాదులో సగం నిజముంది. రెండోది అసలు లెక్కకు నిలబడదు. ఒంగోలు పశువు ఊరు దాటింది ఎక్కువగా ఓడ మీద కాదు. మొదట కాలినడకన, తరవాత రైలుపెట్టెలో, ఆ తరవాత అందరికంటే ఎక్కువగా లారీ మీద. ఆ లారీల గురించి, వాటిని తోలినవాళ్ల గురించి ఊరి చరిత్రలు రాసినవాళ్లు ఒక్క పేజీ కేటాయించలేదు.

ముందు పేరు సంగతి తేల్చేస్తే మంచిది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1873లో బాస్వెల్ దొర నెల్లూరు జిల్లా మాన్యువల్ అచ్చువేసిన నాటికి ఒంగోలులో పుట్టిన ప్రతి దూడా కాగితాల మీద నెల్లూరు దూడే. బ్రెజిల్ జాతి సంఘాలవాళ్లు చెప్పుకునే చరిత్ర ప్రకారం 1868లో ఇంగ్లండుకు పోతున్న ఓడ ఒకటి సాల్వడార్ రేవులో ఆగినప్పుడు అందులోని జత అక్కడే అమ్ముడుపోయింది. 1878లో మనోయెల్ లెమ్‌గ్రూబర్ అనే పెంపకందారు హాంబర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి మరో జత కొనుక్కుపోయాడు. ఆ రోజుల్లో జిల్లా పేరే పశువుకూ అంటింది. అందులో నెల్లూరువాళ్ల గొప్పా లేదు, ఒంగోలువాళ్ల చేతగానితనమూ లేదు. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. అంటే చివరికి జిల్లా పేరులో కూడా ఒంగోలు రెండేళ్లే మిగిలింది. ఇక్కడి జిల్లాకే లేని పేరు బ్రెజిల్‌లో ఉండాలని కొట్లాడటం ఎందుకని నెల్లూరు మిత్రులు వెటకారం చేస్తే ఒంగోలువాళ్ల దగ్గర ఒక జవాబుంది.

ఆ జవాబు పేరు కరవది.

విజయవాడ నుంచి రైల్లో వస్తుంటే ఒంగోలుకు ముందొచ్చే చిన్న స్టేషను కరవది. 1960ల మొదట్లో బ్రెజిల్ పెంపకందారులు చివరి విడతగా మన దేశం వచ్చి పశువులు ఎంచుకున్నప్పుడు టొర్రెస్ హోమెం రోడ్రిగెస్ ద కున్యా తీసుకుపోయిన గిత్తకు ఆ ఊరి పేరే పెట్టారు. అక్కడి వంశావళి పుస్తకాల్లో ‘కర్వాడి’ అని ఉంటుంది, పక్కన దిగుమతి అయినదని గుర్తు. అదే విడతలో వెళ్లిన ఇంకో గిత్త పేరు ‘చెకురుపాడు’. బ్రెజిల్ నెలోర్ మందల్లో ఎన్నో మేటి వంశాలు పైకి లెక్కపెట్టుకుంటూ పోతే కర్వాడి దగ్గర ఆగుతాయి. గుడి గోడమీద శాసనం చూపించి ఊరి వయసు చెప్పుకునేవాళ్లున్నారు. ఒంగోలువాళ్లకు ఈ వంశావళిలోని ఒక్క పంక్తి చాలు. జిల్లా పేరు దొరలు పెట్టింది, ఊరి పేరు గిత్తను కళ్లారా చూసి కొన్నవాడు పెట్టింది. రెండింటిలో ఏది గట్టి సాక్ష్యమో నెల్లూరువాళ్లే చెప్పాలి.

దానికితోడు ఇంకో పుండు మీద కారం. కేంద్ర ప్రభుత్వం దేశంలో రెండు జాతీయ కామధేను కేంద్రాలు పెడితే దక్షిణాదికి వచ్చిన ఒక్కటీ చింతలదేవిలో పెట్టారు. చింతలదేవి నెల్లూరు జిల్లాలోది. అక్కడ పశువుల ఫారం పాతదే, కాదనడానికి లేదు. కానీ గుండ్లకమ్మకూ మూసీకీ నడుమ ఉన్న ఊళ్లలో తరతరాలుగా గిత్తను పెంచిన రైతు ఇంటిముందు నిలబడి ఈ మాట చెబితే అతను నవ్వి ఊరుకోడు.

ఇక రెండో ఫిర్యాదు. ‘మన గిత్తలన్నీ బ్రెజిల్ ఎత్తుకుపోయింది, అందుకే ఇక్కడ జాతి అడుగంటింది’ అనే మాట వినడానికి బాగుంటుంది. తప్పు ఎవరో పరాయివాడి మీద పడుతుంది కదా. లెక్క చూస్తే వేరుగా ఉంది. పంతొమ్మిదో శతాబ్దం నుంచి 1960ల దాకా బ్రెజిల్ మన దేశం నుంచి తెప్పించుకున్న పశువులు గిర్, గుజరాత్ కాంక్రేజ్, ఒంగోలు అన్నీ కలిపినా ఆరువేల పైచిలుకని వాళ్ల లెక్క. ఇప్పుడు ఇక్కడి లెక్క వేసుకుందాం. ఒంగోలు సీమ నుంచి వారానికి పది లారీలు బయల్దేరాయనుకోండి. లారీకి ఆరు పశువులే ఎక్కించారనుకోండి. ఏడాదికి 3,120. అంటే బ్రెజిల్ వందేళ్లలో అన్ని జాతులూ కలిపి తీసుకుపోయిన పశువుల్ని పది లారీలు రెండేళ్లలో తరలించేస్తాయి. పైగా ఇక్కడ లారీకి ఆరే ఎక్కించిన రోజులు తక్కువ.

పోనీ, పశువులు ఊరు దాటి ఎందుకు పోయేవి? ఒంగోలు, అద్దంకి, కందుకూరు ప్రాంతాల్లో ఎక్కువగా మెట్ట సేద్యం. జొన్న వేస్తే గింజ మనిషికి, చొప్ప గొడ్డుకు. కోడెదూడను పెంచి అమ్మడం రైతుకు పంటతో సమానమైన రాబడి. గుంటూరు, కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి తప్ప మేతబీడు లేదు, నల్లరేగడినీ బురదనూ దున్నడానికి మాత్రం బరువైన ఎడ్లు కావాలి. ఇటు పెంచేవాడు, అటు దున్నేవాడు, నడుమ బేరగాడు. ఒంగోలు పశువుల చరిత్రంతా ఈ ముగ్గురి మధ్యే నడిచింది. 1936లో దక్షిణ భారత పశుసంపద గురించి పుస్తకం రాసిన లిటిల్‌వుడ్ వంటివాళ్లు పశువు కొలతలు, రంగు, మూపురం, గంగడోలు బ్రహ్మాండంగా వర్ణించారు. ఆ పశువు సంత నుంచి రైతు కొట్టం దాకా ఎలా చేరిందన్న సంగతిని ఆ తరవాత వాళ్ల మీద ఆధారపడి రాసిన మనవాళ్లు పట్టించుకోలేదు.

మొదట అది నడిచే చేరింది. బేరగాళ్లు పది పదిహేను కోడెల్ని కట్టగట్టి డొంకల వెంట తోలుకుపోయేవాళ్లు. పగలు చెరువుగట్ల మీద మేత, చల్లబడ్డాక నడక. గిట్టలు అరిగిపోకుండా కాళ్లకు నాడాలు కొట్టించేవాళ్లు. ఒంగోలు మంగమూరు డొంకలో ఇప్పుడు ఇళ్లూ అపార్టుమెంట్లే. సంతపేటలో సంత జరగదు. బండ్లమిట్ట మీద ఎద్దుబండి కనబడితే పిల్లలు సెల్‌ఫోన్లో ఫొటో తీసుకుంటారు.

1899లో మద్రాసు - బెజవాడ రైలుమార్గం పూర్తయ్యాక దూరాలు దగ్గరయ్యాయి. పాడిఆవులు రైలెక్కి మద్రాసుకు, కలకత్తాకు పోయేవి. పట్నంలో పాలవాడు ఒట్టిపోయిన ఆవును మేపలేడు. అద్దెకొట్టం, కొనుక్కునే గడ్డి. పాలు వట్టిపోగానే కసాయికి అమ్మేసేవాడు. మేలైన పాడిఆవు ఒక ఈతకో రెండు ఈతలకో ముగిసిపోయేది. పట్టణాల పాలవ్యాపారం మేలుజాతి పశువును ఇలా తినేస్తోందన్నది ఆనాటి వ్యవసాయ చర్చల్లో పెద్ద విషయం. ఇన్ని జరిగినా నింద మాత్రం బ్రెజిల్ మీదే.

రైలుతో చిక్కు ఏమిటంటే అది సంత దగ్గరికి రాదు. వ్యాగను ఎప్పుడిస్తారో తెలీదు. ఇచ్చినా బ్రాడ్‌గేజి వ్యాగనులో పది పెద్ద పశువులు, లేదంటే పదిహేను దూడలని నిబంధన. ఇద్దరు రైతులు నాలుగు ఎడ్లు కొనుక్కుంటే వాళ్లకు వ్యాగను ఏం చేసుకోను? గూడ్సు సైడింగులో రెండురోజులు ఆగిపోతే మేత ఎవరు వేస్తారు, నీళ్లు ఎవరు పెడతారు? పొలంగట్టు దగ్గర ఎక్కించుకుని కొట్టం ముందు దించే బండి కావాలి. లారీ ఆ పని చేసింది.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో పెట్రోలు రేషను కాబట్టి లారీలు బొగ్గుగ్యాసు మీద నడిచాయి. వెనకాల డబ్బాలో బొగ్గు రాజేసి, క్లీనరు తిత్తి ఊదినట్టు ఊది, అరగంటకు ఇంజను అందుకునేది. ఆ బండి మీద గొడ్లను ఎక్కించే ధైర్యం ఎవరికీ లేదు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వదిలించుకున్న షెవర్లేలు, ఫోర్డులు, డాడ్జీలు వేలంలో చవగ్గా వచ్చాయి. తరవాత ఫార్గో, బెడ్‌ఫోర్డ్. 1954లో జంషెడ్‌పూర్ నుంచి టాటా మెర్సిడెస్ బెంజి లారీ బయటికి రావడంతో డీజిలు కాలం వచ్చింది. మరుసటి ఏడాది నుంచి అశోక్ లేలాండ్ పేరుతో కామెట్లు. పెట్రోలు ఫార్గోకు పశువుల కిరాయి గిట్టేది కాదు. బెంజి డీజిలు లారీకి గిట్టింది. 1969లో ఒప్పందం ముగిసి ముందుమూతి మీద నక్షత్రం పోయి ‘టి’ అక్షరం వచ్చినా పాత డ్రైవర్లు దాన్ని బెంజి లారీ అనే పిలిచారు.

లారీ అంటే ఛాసీ కంపెనీది, బాడీ మనది. కర్రతో బాడీ కట్టేవాళ్లు. అడుగున మందపాటి పలకలు, పక్కలకు సందులున్న బద్దలు, వెనక డాలా. పశువుల కోసమే లారీ పెట్టుకున్నవాడు ఒంగోలులో అరుదు. పొగాకు బేళ్లు, మిరపకాయ టిక్కీలు, ధాన్యం బస్తాలు మోసే లారీయే ఏరువాక ముందు నెలా రెండు నెలలు ఎడ్లను మోసేది. ఇక్కడే డ్రైవరుకు ఒక తలనొప్పి ఉండేది. పొగాకు ఏ వాసన తగిలినా పట్టేస్తుంది. పేడ, మూత్రం వాసన కొట్టే బాడీలో బేళ్లు వేయడానికి కొనుగోలుదారు ఒప్పుకోడు. గొడ్లను దించి వచ్చిన లారీని గుండ్లకమ్మలోకి దింపి, పలకల సందుల్లో పుల్లపెట్టి గీకి, బూడిద చల్లి, ఎండబెట్టి గానీ మళ్లీ పొగాకు లోడుకు పెట్టడానికి వీల్లేదు. ఆ పని క్లీనరుది. ‘గొడ్ల కిరాయి’ అంటే క్లీనర్లు మొహం చిట్లించుకునేది అందుకే.

పశువును లారీ ఎక్కించడం ఒక విద్య. ఇప్పటిలా ఇనుప వాలుపలకలు ఎక్కడివి? రోడ్డు పక్కన గట్టో, చెరువుకట్టో, దిబ్బో చూసుకుని లారీని వెనక్కి తోలి, గట్టు ఎత్తూ బాడీ అడుగు ఎత్తూ సమానమయ్యేలా ఆనించాలి. జానెడు సందు మిగిలినా గిత్త కాలు అందులో దిగుతుంది. సందుమీద పలక వేసి, పలకమీద మట్టి చల్లి, దానిపైన గడ్డి పరిచేవాళ్లు. గొడ్డుకు కాలికింద నేలే ఉందనిపించాలి. బాడీ లోపల కూడా ముందు ఇసుక, ఇసుకమీద ఎండుగడ్డి. ఉత్త పలకమీద ఒక్కసారి మూత్రం పడిందంటే నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు జారతాయి.

ముందు మెత్తటి గొడ్డును ఎక్కిస్తారు. అది లోపల నిలబడి మేత అందుకుంటే రెండోది దాని వెనకే వస్తుంది. మొండికేసే గిత్తను కర్రతో కొడితే ఇంకా బిగుసుకుంటుంది. ముకుతాడు ఒకరు పట్టుకుని, వెనక తొడల కింద తాడు వేసి ఇద్దరు చెరోవైపు లాగితే అదే అడుగేస్తుంది. జత ఎడ్లయితే కాడికింద ఏది దాపటిదో, ఏది ఎలపటిదో అడిగి, లారీలోనూ అదే వరసలో పక్కపక్కన కట్టేవాళ్లు. పక్కలు మారితే ఆ జత తోవంతా కొమ్ములు విసురుకుంటూనే ఉంటుంది. పలుపు మరీ పొడవుగా ఉంటే మెడకు చుట్టుకుంటుంది, మరీ పొట్టిగా ఉంటే పడినప్పుడు ఉరి పడుతుంది. ఒక్క లాగుకు ఊడే జారుముడే వెయ్యాలి. రెండేసి గొడ్లకు ఒక అడ్డకర్ర. తలలు ఇంజను వైపు.

“మెల్లగా పోనీ అబ్బాయ్, నోరులేని జీవాలు” అని అమ్మిన రైతు అనడం, “మాకు తెలీదా పెదనాన్నా” అని డ్రైవరు గేరు మార్చడం ప్రతి గట్టు దగ్గరా జరిగే తంతే. నిజంగా తెలిసినవాడా కాదా అన్నది మొదటి ఐదు మైళ్లలో తేలిపోయేది. తెలిసిన డ్రైవరు బయల్దేరిన కాసేపటికే ఆపుతాడు. క్లీనరు పక్కబద్దలెక్కి లోపల అన్నీ నిలబడే ఉన్నాయా అని చూస్తాడు. గొడ్లు బండి ఊపుకు అలవాటుపడి ఒకదానికొకటి ఆనుకున్నాక గానీ వేగం పెంచడు. మలుపులో బ్రేకు తొక్కడు, మలుపుకు ముందే గేరు దించుతాడు. ధాన్యం బస్తా బ్రేకు వేస్తే కదలదు. ఆరుగురు మనుషుల బరువుండే గిత్త ముందుకు తూలితే లారీయే పక్కకు లాగేస్తుంది.

పడుకున్న గొడ్డు అంటే డ్రైవర్లకు హడల్. లారీలో ఒకటి కూలబడిందంటే మిగతావి దానిమీద కాళ్లు వేస్తాయి. అర్ధరాత్రి అయినా, వాన పడుతున్నా ఆపి లేపాల్సిందే. క్లీనరు లోపలికి దూరి, కొమ్ములు తప్పించుకుంటూ తోక మెలిపెట్టి లేపేవాడు. ఈ పనిలో పక్కటెముకలు విరిగినవాళ్లున్నారు, కాలివేళ్లు నలిగినవాళ్లున్నారు. ఆ క్లీనర్లే నాలుగైదేళ్లకు డ్రైవర్లయ్యారు. ఆ బడిలో చదివినవాడి చేతికి ఏ సరుకైనా ధైర్యంగా అప్పగించవచ్చని లారీ యజమానులు ఊరికే అనలేదు.

దారులు కూడా నదులను బట్టి మారాయి. 1957 డిసెంబరులో ప్రకాశం బ్యారేజీ తెరిచాక కృష్ణ దాటడం తేలికైంది. లోడుతో గుడివాడ, ఏలూరు వైపు పోవడానికి సాహసించారు. 1974లో రాజమండ్రి రోడ్డు - రైలు వంతెన వచ్చాక గోదావరి అవతలికి దారి మరింత సులువైంది. దక్షిణానికి పోతే మద్రాసు దాదాపు 290 కిలోమీటర్లు. 1953 అక్టోబరుకు ముందు ఒంగోలు నుంచి మద్రాసు దాకా ఒకే రాష్ట్రం. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక సరిహద్దు వచ్చింది, సరిహద్దుతో చెక్‌పోస్టు, చెక్‌పోస్టుతో కాగితాలు, కాగితాలతో మామూళ్లు. జాతీయ రహదారి ఊరి మధ్యనుంచి పోయే రోజుల్లో ఒంగోలు ట్రంకు రోడ్డు మీద రాత్రిపూట గొడ్ల లారీ పోతే వాసనను బట్టే ఇంట్లో పడుకున్నవాళ్లకు తెలిసేది. బైపాసు వచ్చింది, ఐదో నంబరు జాతీయ రహదారి పదహారయింది. ఇప్పుడు టంగుటూరు టోలుగేటు దగ్గర ఏ లారీలో ఏముందో ఊరికి తెలీదు.

పశువు ప్రయాణిస్తే రోగమూ ప్రయాణిస్తుంది. 1920లో మన దేశం నుంచి బ్రెజిల్ పోతున్న పశువులు దారిలో ఆంట్వెర్ప్ రేవులో ఆగాయి. వాటితోపాటు ముసర రోగం (రిండర్‌పెస్ట్) బెల్జియంలోకి దిగింది. ఆ గొడవ ఫలితంగానే 1924లో పారిస్‌లో అంతర్జాతీయ పశురోగాల సంస్థ పుట్టింది. బ్రెజిల్ 1921లోనే దిగుమతులు ఆపేసింది. అందుకే 1960లలో కర్వాడి గిత్త విడత పశువుల్ని నేరుగా ఒడ్డుకు రానివ్వకుండా ఫెర్నాండో ది నొరోన్యా దీవిలో దించి పరీక్షలు చేశారు. ఇక్కడ ఆ జాగ్రత్త చెక్‌పోస్టుల వంతయింది. ముసర నిర్మూలన పథకం నడిచినన్నాళ్లూ సరిహద్దు దాటే పశువులకు టీకాలు వేశారు. లారీ ఆపి, డాలా దించి, గొడ్లను దింపి, టీకా వేయించి, మళ్లీ ఎక్కించడం డ్రైవరుకు ఎంత విసుగైనా ఆ విసుగే దేశాన్ని కాపాడింది. 2006లో భారతదేశానికీ, 2011లో ప్రపంచానికీ ముసర నుంచి విముక్తి దొరికినట్టు ప్రకటించారు. ఆ విజయంలో పశువైద్యులకు పేరొచ్చింది, రావాల్సిందే. లారీలవాళ్ల పేరు ఎవరూ ఎత్తలేదు.

అలాగని పాత లారీల కాలాన్ని పొగిడి వదిలేస్తే అబద్ధమవుతుంది. ట్రాక్టరు వచ్చాక ఎద్దుకు దున్నే పని తగ్గింది. కొట్టం నుంచి కొట్టానికి పోయే పశువులు తగ్గి, కోతకు పోయే పశువులు పెరిగాయి. అక్కడ జాగ్రత్తకు విలువ లేకుండా పోయింది. ఎడ్లజత కొన్న రైతు లారీ వెనకే వచ్చి దెబ్బ తగిలిందా అని చూసుకుంటాడు. కిలోల లెక్కన కొన్నవాడు ఎన్ని పడితే అన్ని కుక్కుతాడు. పొళ్లాచ్చి సంతకు, అక్కణ్నుంచి కేరళకు పోయే లారీల్లో ఇరవై, ముప్ఫై గొడ్లను కాళ్లు కూడా కదలని విధంగా నింపడం, తోవలోనే కొన్ని చావడం పోలీసు కేసుల్లో పదేపదే కనబడే సంగతే. 1960లో జంతుహింస నివారణ చట్టం ఉంది. 1977లో రాష్ట్రంలో గోవధ నిషేధ చట్టం వచ్చింది. 1978 పశురవాణా నిబంధనలు లారీకి ఆరు పశువులకు మించరాదన్నాయి. ప్రతి లారీలో పశువుల్ని చూసుకోవడానికి ఒక మనిషి ఉండాలని, వేరే సరుకు వేయకూడదని, జారకుండా అడుగున కొబ్బరిపీచు చాపో కర్రపలకో వేయాలని, వీలైతే తలలు ఇంజను వైపు ఉండాలని కూడా రాశారు. ఆ నిబంధనల్లో చాలామటుకు మంచి డ్రైవరు చట్టం రాకముందు నుంచీ చేస్తున్నవే. చెడ్డ డ్రైవరు చట్టం వచ్చాకా చేయలేదు.

2016 జనవరి నుంచి నిబంధనలు ఇంకా బిగిశాయి. పశువుల బండిలో ఒక్కొక్కదానికి విడివిడి గదులు ఉండాలి, ఆవుకైనా గేదెకైనా రెండు చదరపు మీటర్ల చోటు ఇవ్వాలి. కాగితం మీద తప్పుపట్టడానికి లేదు. జరిగిందేమిటంటే, ఆ బండి పెట్టుకునే స్తోమత లేని చిన్న యజమాని ఈ కిరాయే మానుకున్నాడు. దొంగరవాణా చేసేవాడు రాత్రిళ్లు చేస్తూనే ఉన్నాడు. మధ్యలో రోడ్డుమీద కాపుకాసి లారీలు ఆపే గుంపులు తయారయ్యాయి. దున్నుకోవడానికి ఎడ్లు కొనుక్కుని రసీదు, డాక్టరు సర్టిఫికెట్టు జేబులో పెట్టుకున్న రైతు కూడా తెల్లారేదాకా సమాధానం చెప్పుకోవాల్సిన పరిస్థితి. ఒంగోలు గిత్తల డ్రైవర్లు చాలామంది చీమకుర్తి గ్రానైటు వైపు మళ్లారు. రాయికి మేత అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు. ఎవరూ ఆపి మతం అడగరు.

పాత విద్య పూర్తిగా పోలేదు. ఒక్కచోట బతికుంది. సంక్రాంతి నుంచి తిరునాళ్ల దాకా జరిగే బండలాగుడు పోటీల దగ్గరికి వెళ్లి చూడండి. పాలపళ్లు, రెండుపళ్లు, నాలుగుపళ్లు, ఆరుపళ్లు అని విభాగాలవారీగా దిగే జతలన్నీ బొలేరోలూ, టాటా 407లూ, చిన్నలారీల మీదే వస్తాయి. లక్షలు పోసి కొన్న జత. బాడీలో రబ్బరు పరుపులు, పక్కలకు మెత్తలు, ఎక్కేందుకు డాలాకే బిగించిన వాలుపలక, డాలామీద గిత్తల బొమ్మ, యజమాని ఊరిపేరు. తలలు ఇంజను వైపు, దాపటిది దాపటి పక్క, ఎలపటిది ఎలపటి పక్క, జారుముడి. ఆ బండి తోలే కుర్రాణ్ని అడిగితే ఇదంతా ఫలానా పుస్తకంలో ఉందని చెప్పడు. గొడ్ల కిరాయికి పోయిన తాతో, మేనమామో నేర్పాడంటాడు.

ఒంగోలు గిత్త గొప్పతనం చెప్పడానికి మనవాళ్లు 2002 జాతీయ క్రీడలకు చిహ్నంగా నిలిచిన ‘వీర’ను గుర్తుచేస్తారు. ఒప్పుకోవాల్సిందే. గుంటూరు దగ్గరి లాం పశువుల ఫారంలో ప్రతి గిత్తకూ తల్లి ఎవరు, తండ్రి ఎవరు, పుట్టినప్పుడు బరువెంత అన్న వివరాలు రిజిస్టరులో ఉంటాయి. ఫొటోలున్నాయి, కొలతలున్నాయి. ఆ గిత్తను ఎవరు ఏ లారీ మీద ఎక్కడికి చేర్చారన్న గడి ఏ రిజిస్టరులోనూ లేదు. జాతి ఎలా వ్యాపించిందో, ఎక్కడ పలచబడిందో తెలియాలంటే ఆ గడే ముఖ్యం. జొన్న తగ్గి, చొప్ప తగ్గి, ట్రాక్టరు వచ్చి, బీడు పోయి జాతి చిక్కిన కథలో బ్రెజిల్‌ది చాలా చిన్న పాత్ర. ఒప్పుకోవడానికి కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఒప్పుకున్న మరుక్షణం తప్పు మన ఇంటిముందుకే వస్తుంది. కోడెను మేపడం దండగనుకున్నదీ, అమ్మి ట్రాక్టరుకు కిస్తీ కట్టిందీ ఇక్కడివాళ్లే కదా.

1939 మోటారు వాహనాల చట్టం తెచ్చిన పర్మిట్ల పద్ధతి పుణ్యాన లారీ ప్రతి ప్రయాణానికీ ఏదో ఒక కాగితం పుట్టింది. కిరాయి రసీదులు, ట్రిప్పు పుస్తకాలు, సంత గేటు చీటీలు, పశువుల డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్లు, చెక్‌పోస్టు టీకా కాగితాలు. ఇందులో కొన్నయినా పాత లారీ యజమానుల ఇళ్లల్లో అటకలమీద ఉంటాయి. బెంజి లారీ తోలినవాళ్లలో ఇంకా మాట్లాడగలిగేవాళ్లు సంతపేటలో, పేర్నమిట్టలో, త్రోవగుంటలో మిగిలి ఉన్నారంటే వాళ్ల వయసు ఎనభైకి అటూఇటూ. బ్రెజిల్ పెంపకందారుల దగ్గర కరవది గిత్త తరాల లెక్క పద్దులతో సహా ఉంది. కరవది నుంచి ఏరువాక ముందు ఎన్ని లారీలు ఏ ఊళ్లకు వెళ్లాయో ఒంగోలు దగ్గర ఒక్కచోట కూర్చిన లెక్క లేదు. జిల్లా చరిత్ర మళ్లీ అచ్చువేస్తామని కమిటీలు వేసేవాళ్లు ఈసారి పేరు తగాదాకు రెండు పేజీలు తగ్గించి, ఆ అటకలు దింపించే పనికి ఇద్దరు కుర్రాళ్లను పంపితే నెల్లూరువాళ్ల దగ్గర లేని పుస్తకం ఒకటి ఒంగోలు దగ్గర ఉంటుంది.